త్రైరాశికం వచ్చినవారికి రసాయనం కష్టమా?

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా ఆటోనగర్‌లో మన సంఘం జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1928లో ఫిబ్రవరి 28న సర్ సి.వి. రామన్ గారు కాంతిని గురించి తాము కనిపెట్టిన విషయాన్ని లోకానికి తెలియజేశారు. ఆ గుర్తుగా 1987 నుంచి ఈ రోజును దేశమంతటా జరుపుకుంటున్నాము. ఇలాంటి సభకు ఏ ప్రొఫెసరుగారినో పిలవకుండా, ముప్పై ఏళ్లకు పైగా సేల్స్ టాక్సు ఫైళ్లు తిరగేసిన గుమాస్తాను నిలబెట్టారేమిటని మీకు అనిపించవచ్చు. కారణం చిన్నదే. మన సంఘం గదిలో సాయంత్రం పూట ఈ చుట్టుపక్కల షెడ్లలో పనిచేసేవారి పిల్లలకు చదువు చెబుతున్నాము గదా. అందులో లెక్కలు నా వంతు. లెక్కలు చెప్పేవాడు రసాయనశాస్త్రంలోని లెక్కలు కూడా చెప్పాలని పిల్లలే పట్టుబట్టారు. అది ఎలా సాగుతున్నదో సభ్యులకు విన్నవించమని కార్యదర్శిగారు ఆదేశించారు.

చెప్పదలచుకున్నది ముందే మనవి చేస్తాను. మూలకాల బరువులు, మోల్‌లు, సమీకరణాలు అంటూ పిల్లలు హడలిపోయే ఆ పాఠంలో కొత్త గణితం ఏమీ లేదు. ఉన్నదల్లా మనం పెద్దబాలశిక్ష రోజుల నుంచి చేస్తున్న త్రైరాశికమే. అయితే త్రైరాశికం వేయబోయే ముందు ఒక మెట్టు ఎక్కాలి. ఆ ఒక్క మెట్టు దగ్గరే పిల్లలు పడిపోతున్నారు. పడినవాణ్ణి లేపి ఎక్కించే తీరిక బడిలో పంతులుగారికి ఉండడం లేదు. మనకు ఉంది.

మొదటివారం నేను పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చాను. హైడ్రోజన్ మండితే నీరు అవుతుంది. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు వస్తాయని పుస్తకంలో ఉంది. మరి 4 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా మండడానికి ఎన్ని గ్రాముల ఆక్సిజన్ కావాలి? పదకొండు మంది పిల్లల్లో తొమ్మిది మంది 2 గ్రాములని రాశారు. రెండుకు ఒకటైతే నాలుగుకు రెండు గదా! త్రైరాశికం వరకు తప్పు పట్టడానికి వీల్లేదు. కాని సరైన జవాబు 32 గ్రాములు. రెండెక్కడ, ముప్పై రెండెక్కడ! మిగిలిన ఇద్దరిలో ఒకమ్మాయి 32 అని రాసింది గాని ఎందుకో చెప్పలేకపోయింది. సూత్రం కంఠతా పట్టిందట. నన్ను అడిగితే ఆ తొమ్మిది మంది తప్పు జవాబే నాకు ఎక్కువ నచ్చింది. అందులో ఆలోచన ఉంది.

త్రైరాశికం మాటకు వస్తే, అది మన ఇంటి సొత్తు. మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన గారు పదకొండో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాసుకున్న జాతి మనది. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు. అయిదు వీశెలకు ఇరవై అణాలైతే ఏడు వీశెలకెంత? అయిదు ప్రమాణం, ఇరవై ఫలం, ఏడు ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇరవై ఎనిమిది అణాలు, అంటే రూపాయి ముప్పావలా. మన తరం వారికి ఇది నోటిమీద ఉండేది. పైగా మనం తూకాలు మారుతుండగా పెరిగినవాళ్లం. నూట ఇరవై తులాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు అని ఒక చెవిలో, కిలోలు, గ్రాములు అని రెండో చెవిలో విన్నాం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు నాకు ఎనిమిదో ఏడు. అణాకు ఆరుంబావు నయాపైసలని కొట్టువాడితో వాదించేవాళ్లం. ఒక కొలత నుంచి మరొక కొలతకు మారడం అంటే ఏమిటో మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర లేకపోయింది. నేటి పిల్లలకు కిలో తప్ప మరొకటి తెలియదు. అందుకే ఈ పాఠం చెప్పడానికి పెన్షనర్లే తగినవారని నా అభిప్రాయం. (నవ్వులు)

ఇక ఆ మెట్టు సంగతి. దానికోసం పిల్లల్ని సంఘం గది దాటించి, నాలుగు షెడ్ల అవతల ఉన్న నట్టు బోల్టుల కొట్టుకు తీసుకుపోయాను. ఆటోనగర్‌లో నట్లు, బోల్టులు ఎవరూ లెక్కపెట్టి అమ్మరు. కాటా మీద వేస్తారు. ఒక బోల్టుకు రెండు నట్లు బిగించాలనుకోండి, ఒకటి మామూలుది, రెండోది చెక్ నట్టు. బోల్టు బరువు 60 గ్రాములు, నట్టు బరువు 20 గ్రాములు. బాడీ బిల్డింగ్ షెడ్డు నుంచి మేస్త్రీ ఒక కుర్రవాణ్ణి పంపాడు, 6 కిలోల బోల్టులకు సరిపడా నట్లు తెమ్మని. కుర్రవాడు ఒకటికి రెండు గదా అని 12 కిలోల నట్లు మోసుకొచ్చాడు. మేస్త్రీ ఏమంటాడు? ఆ మాట నేను ఈ సభలో చెప్పలేను. 6 కిలోల బోల్టులంటే వంద బోల్టులు. వందకు రెండు వందల నట్లు. రెండు వందల నట్లంటే 4 కిలోలు. ఒకటికి రెండు అన్నది ముక్కల లెక్క. కిలోలు అన్నది తూకం. తూకం నుంచి ముక్కలకు దిగాలి, ముక్కల మీద త్రైరాశికం వేయాలి, మళ్లీ తూకంలోకి ఎక్కాలి. పిల్లలు హైడ్రోజన్ లెక్కలో ఈ దిగడం, ఎక్కడం రెండూ వదిలేశారు.

కొట్టు యజమాని మా గుంపును చూసి ఇన్‌స్పెక్షన్ అనుకుని మొదట కంగారుపడ్డాడు. విషయం తెలిశాక సోడాలు తెప్పించాడు.

అయితే బోల్టును విడిగా కాటా మీద పెట్టవచ్చు, అణువును పెట్టలేము గదా అని ఒకడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు ఇది. ఒక్కొక్క పరమాణువు బరువు ఎంతో తెలియకపోయినా, ఒకటి మరొకదానికి ఎన్ని రెట్లో తెలిస్తే చాలు. హైడ్రోజన్ పరమాణువు 1 అయితే కార్బన్ 12, నత్రజని 14, ఆక్సిజన్ 16, కాల్షియం 40. మా రోజుల్లో పరమాణు భారమనేవారు, ఇప్పటి పుస్తకాల్లో పరమాణు ద్రవ్యరాశి అంటున్నారు. ఒక కుప్పలో ముక్క కంటే రెండో కుప్పలో ముక్క పదహారు రెట్లు బరువు అనుకోండి. మొదటి కుప్ప 1 కిలో, రెండో కుప్ప 16 కిలోలు తూగితే రెండింటిలో ముక్కలు సమానం. ఎన్ని ముక్కలో తెలియనక్కర లేదు, సమానమని తెలిస్తే చాలు. ఈ సూక్ష్మం పట్టుబడిన క్షణాన పిల్లల ముఖాలు మారిపోతాయి. నేను చూశాను.

దానికే మోల్ అని పేరు. కాగితాలకు రీము, గుండీలకు గ్రోసు, అరటిపళ్లకు డజను ఉన్నట్లే అణువులకు మోల్. డజనంటే 12, గ్రోసంటే 144, రీమంటే 500. మోల్ అంటే మాత్రం ఊహకందదు. 602214076 వేసి పక్కన 15 సున్నాలు పెట్టాలి. 2019 మే 20 నుంచి అంతర్జాతీయంగా ఇదే ఖాయం చేశారు. ఇటలీ దేశస్థుడైన అవగాడ్రో పేరుతో చెలామణీ అవుతున్నా, ఆయన బతికి ఉండగా ఆ సంఖ్య ఎంతో ఆయనకే తెలియదు. ఆయన 1811లో చెప్పినది, ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణం గల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని. అంటే మన రెండు కుప్పల మాటే. పరమాణు భారాన్నో అణు భారాన్నో గ్రాముల్లో తూస్తే ఒక మోల్. నీరు 18 గ్రాములు, అంటే పూజలో మూడు నాలుగు ఉద్ధరిణెల నీళ్లు. అందులో అన్ని అణువులు ఉన్నాయంటే ఆచమనం చేసేటప్పుడు నాకు ఇప్పుడు కాస్త భయంగానే ఉంటున్నది.

ఇక్కడ పిల్లల తరఫున ఒక మాట చెప్పాలి. వాళ్లు పడిన మెట్టు మీదే పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లు పడ్డారు. పదార్థాలు ఏ పాళ్లలో కలుస్తాయో లెక్కకట్టే విద్యకు 1792లో జర్మనీలో రిక్టర్ అనే ఆయన స్టాయికియోమెట్రీ అని నోరు తిరగని పేరు పెట్టాడు. 1808లో ఇంగ్లండులో డాల్టన్ గారు పరమాణువుల సిద్ధాంతం అచ్చు వేయించారు. కాని నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అనుకున్నారు. రెండుకు ఒకటి అని తెలియక ఆక్సిజన్ బరువు సగానికి సగం తగ్గిపోయింది. ఒకరి పట్టికకు మరొకరి పట్టికకు పొత్తు కుదరలేదు. చివరకు 1860లో కార్ల్స్‌రూహె అనే పట్టణంలో రసాయనశాస్త్రజ్ఞులు మహాసభ పెట్టుకుంటే, కానిజారో అనే ఇటలీ ఆచార్యుడు అవగాడ్రో మాటను పైకి తీసి చిక్కు విప్పాడు. అప్పటికి అవగాడ్రో చనిపోయి నాలుగేళ్లు. అంతటి వారికే అర్థశతాబ్దం పట్టినది మన పిల్లవాడికి నలభై అయిదు నిమిషాల పీరియడులో ఎక్కలేదని మొద్దు అనే ముద్ర వేస్తున్నాము.

ఆటోనగర్‌లో కూర్చుని ఈ పాఠం చెప్పడంలో ఒక సుఖం ఉంది. లెక్క వీధిలోనే దొరుకుతుంది. గ్యాస్ వెల్డింగ్ చూడండి. ఇప్పుడు సిలిండర్లు వచ్చాయి గాని, లారీ బాడీలు కట్టే షెడ్లలో పూర్వం కార్బైడ్ డబ్బాలు ఉండేవి. బూడిదరంగు కార్బైడ్ గడ్డలను నీళ్లలో వేస్తే బుసబుసమని గ్యాసు వచ్చేది. అడుగున తెల్లటి సున్నం మిగిలేది. ఆ సున్నం పట్టుకెళ్లి గోడలకు వెల్ల వేసుకున్నవారు ఈ సభలోనే ఉండి ఉంటారు. ఆ గ్యాసు పేరు ఎసిటిలిన్.

దానికి లెక్క కడదాం. కాల్షియం కార్బైడ్‌లో కాల్షియం ఒకటి 40, కార్బన్ రెండు 24, వెరసి 64. దానికి నీటి అణువులు రెండు కావాలి, 36. వచ్చేది ఎసిటిలిన్ ఒకటి, అందులో కార్బన్ రెండు, హైడ్రోజన్ రెండు, వెరసి 26. మిగిలేది తడిసున్నం ఒకటి, 74. ఇటు 64, 36 కలిపితే వంద. అటు 26, 74 కలిపితే వంద. రెండు పక్కలా టాలీ అయింది. ఇప్పుడు కిలో కార్బైడ్ వేస్తే ఏమవుతుంది? 64 ప్రమాణం, 26 ఫలం, 1000 ఇచ్ఛ. 406 గ్రాముల ఎసిటిలిన్. నీరు 562 గ్రాములు ఖర్చు. సున్నం 1156 గ్రాములు. వేసిన కార్బైడ్ కంటే వచ్చిన సున్నం ఎక్కువ తూగుతుందంటే పిల్లలు నమ్మలేదు. నీళ్లు ఎటు పోయాయిరా అని అడిగితే అప్పుడు వెలిగింది. వాయువు ఏదైనా ఒక మోల్ సున్నా డిగ్రీల వద్ద, మామూలు వాతావరణ పీడనంలో ఇరవై రెండున్నర లీటర్లకు కాస్త తక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ లెక్కన కిలో కార్బైడ్‌కు 350 లీటర్ల గ్యాసు. బజారు సరుకు అంత స్వచ్ఛం కాదు గనుక అంత రాదు.

మా పిల్లల్లో ఒకడి తండ్రి గ్యాస్ వెల్డరు. వాడు ఈ లెక్క ఇంటికి తీసుకుపోయి, కిలో కార్బైడ్‌కు అరలీటరు పైచిలుకు నీళ్లు చాలు గదా, నువ్వు పూర్వం ఎన్ని పోసేవాడివని తండ్రిని అడిగాడు. ఆయన నవ్వి, అంతకు ఎన్నో రెట్లు పోసేవాళ్లం, లేకపోతే డబ్బా కాగిపోయి పేలి చచ్చేవాళ్లం అన్నాడట. మర్నాడు కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, తాతగారూ మీ లెక్క తప్పు అన్నాడు. లెక్క తప్పు కాదు. 562 గ్రాములు రసాయన చర్యకు. మిగిలిన నీళ్లు వేడిని పీల్చుకోవడానికి. ఆ రెండు పద్దులు వేరువేరుగా రాసుకోవాలని చెప్పాను. ఆ రోజు నుంచి ఆ తండ్రికి కూడా మా క్లాసు మీద గురి కుదిరింది.

ఆయనే ఒక సాయంత్రం పిల్లల్ని దూరంగా నిలబెట్టి, నల్లకళ్లద్దాలు ఇచ్చి, మూడు రకాల మంట చూపించాడు. ఎసిటిలిన్ ఎక్కువైతే మసితో, లోపల తెల్లటి ఈకలాంటి మంట. ఆక్సిజన్ ఎక్కువైతే పొట్టిగా, బుస్సుమనే మంట. రెండూ సరిపోతే లోపలి మొన నున్నగా నిలిచే మంట. ఎసిటిలిన్ పూర్తిగా మండాలంటే రెండు పాళ్లకు అయిదు పాళ్ల ఆక్సిజన్ కావాలని సమీకరణం చెబుతుంది. సిలిండర్ నుంచి మాత్రం ఇంచుమించు సమానంగానే వదులుతారు. మిగిలినది చుట్టూ ఉన్న గాలి ఇస్తుంది. వాల్వు తిప్పి కంటితో రంగు చూసి ఆ పాళ్లు నిలబెట్టే వెల్డరు బడిలో రసాయనశాస్త్రం తప్పినవాడు కావచ్చు. కాని ఆయన చేస్తున్నది అదే శాస్త్రం. ఇంజను మెకానిక్కు కూడా అంతే. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలన్నది లెక్క. కార్బురేటర్ మరను పావు చుట్టు తిప్పి, చెవితో విని సరిచేసిన మేస్త్రీలు ఈ వీధిలో వందలమంది. ఇప్పటి బండ్లలో ఆ పని సెన్సర్లు చేస్తున్నాయి.

పెట్రోలు మాట వచ్చింది గనుక ఇంకొకటి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో లోపే. అది మండితే బయటికి పోయే బొగ్గుపులుసు వాయువు సుమారు 2 కిలోల 300 గ్రాములు. ముప్పావు కిలో మూడింతలు ఎలా అయింది? 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌ను గాలి నుంచి లాక్కుని 44 గ్రాములు అవుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మండే బొగ్గుకూ ఇదే త్రైరాశికం. గాలి చాలకపోతే 12 గ్రాముల కార్బన్ 16 గ్రాముల ఆక్సిజన్‌తోనే సరిపెట్టుకుంటుంది. అదే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా ఉండదు, మనిషిని తీస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడించవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను. 16కూ 32కూ ఉన్న తేడా ప్రాణమంత తేడా.

మన సభ్యుల్లో చాలామందికి గుడివాడ వైపో దివిసీమలోనో ఎకరమో రెండెకరాలో ఉన్నాయి గదా. యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అని ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? యూరియా అణువులో కార్బన్ ఒకటి 12, ఆక్సిజన్ ఒకటి 16, నత్రజని రెండు 28, హైడ్రోజన్ నాలుగు 4, మొత్తం 60. అరవైలో ఇరవై ఎనిమిది అంటే నూటికి 46 పైన. అంతే సంగతి. 50 కిలోల బస్తా 2018లో 45 కిలోలు అయింది. అందులో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. ఎకరాకు 32 కిలోల నత్రజని వేయమని వ్యవసాయాధికారి చెప్పాడనుకోండి, 70 కిలోల యూరియా, అంటే బస్తాన్నరకు కాస్త పైన. 32 కిలోలంటే 32 కిలోల యూరియా అనుకుంటే పైరుకు సగం కూడా అందదు. నత్రజని అన్నది ఒకటి, బస్తా అన్నది మరొకటి. మా అబ్బాయి ఎమ్మెస్సీ చదివినా కౌలుదారు చెప్పినన్ని బస్తాలు వేయిస్తాడు గాని ఈ లెక్క ఎన్నడూ వేసి చూడలేదు.

పిల్లలకు ఎలా చెప్పాలో నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. మనం ఆఫీసులో రిజిస్టరు గీసినట్లే గీయించండి. మొదటి వరుసలో సమీకరణం తుల్యం చేసి ముక్కల లెక్క. దాని కింద ఒక్కో పదార్థానికి తూకం. దాని కింద ప్రశ్నలో ఇచ్చినది. ప్రతి అంకె పక్కన అది ముక్కలో, గ్రాములో, లీటర్లో రాయించండి. తలకట్టు లేని కాలమ్‌లో అంకె వేస్తే మన సూపరింటెండెంటు ఊరుకునేవాడా? చివర రెండు పక్కల తూకాలు కూడించి టాలీ చూడమనండి. టాలీ కాకపోతే తప్పు ఎక్కడో ఉంది, పెన్సిలు పట్టుకుని వెనక్కి పోవలసిందే. ఈ టాలీ నియమాన్ని స్థిరపరచినవాడు ఫ్రాన్సులో లవోయిజే. పుట్టిన ప్రతి గ్రామూ ఎక్కడో ఒక చోట తేలాలని కాటా దగ్గర పెట్టుకుని పనిచేశాడు. ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? పన్నుల వసూలు సంస్థలో భాగస్వామి. ఒక విధంగా మన శాఖవాడే. పాపం విప్లవకాలంలో, 1794 మే 8న, ఆ పన్నుల సంబంధమే ఆయన మెడకు కత్తి అయింది. మనకు పెన్షనైనా దక్కింది. (నవ్వులు)

ఇంకొక చిక్కు, రెండు సరుకులూ ఇచ్చి ఎంత తయారవుతుందని అడిగేది. పది గ్రాముల హైడ్రోజన్, నలభై గ్రాముల ఆక్సిజన్ ఉంటే ఎంత నీరు? పిల్లలు కలిపి 50 అనేస్తారు. మళ్లీ నట్ల కొట్టుకే పోవాలి. బోల్టులు వంద, నట్లు నూట యాభై ఉంటే డెబ్బై అయిదు జతలు బిగుస్తాయి, ఇరవై అయిదు బోల్టులు ఊరికే మిగులుతాయి. నలభై గ్రాముల ఆక్సిజన్‌కు అయిదు గ్రాముల హైడ్రోజన్ చాలు. నీరు 45 గ్రాములు. అయిదు గ్రాముల హైడ్రోజన్ మిగులు. మిగులుతో కలిపి యాభై టాలీ.

కార్బైడ్‌తో ఇళ్లలో ప్రయోగాలు చేయవద్దు. నున్న మామిడి మార్కెట్టు దగ్గరగా ఉన్న ఊరు గనుక మరీ మరీ చెబుతున్నాను. కాయలు మగ్గబెట్టడానికి దాన్ని వాడరాదని చట్టమే ఉంది. ఆ గడ్డల్లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. ప్రయోగం కావాలంటే వంటింట్లో చాలు. డిజిటల్ కాటా మీద గ్లాసులో సరిపడా వెనిగర్, పక్కన కాగితంలో 8.4 గ్రాముల వంటసోడా పెట్టి మొత్తం తూకం రాసుకోండి. సోడాను గ్లాసులో కొంచెం కొంచెంగా వేసి, పొంగు ఆగాక ఖాళీ కాగితంతో సహా మళ్లీ తూయండి. లెక్క ప్రకారం 4.4 గ్రాములు గాలిలో కలవాలి. కొంత వెనిగర్‌లోనే కరిగి ఉంటుంది గనుక నాలుగు గ్రాముల దగ్గర తగ్గుతుంది. మా ఇంట్లో మా మనవరాలు ఇది చేస్తే మా ఆవిడ, వెనిగర్ సీసా ఖాళీ అయిందని కేకలు వేస్తూనే, కాటా అంకె తగ్గడం వంగి వంగి చూసింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత గొడవ ఎందుకంటే, ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. మా క్లాసులో వెల్డరు కొడుకు సంగతి చెప్పాను గదా. అర్ధ సంవత్సర పరీక్షలో వాడికి భౌతిక రసాయనశాస్త్రం తప్పింది. తండ్రి, ఇక బడి చాలు షెడ్డుకు రమ్మన్నాడు. షెడ్డు పని తక్కువదని నేననను, ఈ ఊరికి అన్నం పెట్టింది ఆ పనే. కాని పది తప్పి షెడ్డుకు పోయినవాడు ముప్పై ఏళ్లకు కూడా మేస్త్రీ చెప్పినట్టు గొట్టం పట్టుకునే ఉంటాడు. పది పాసై పాలిటెక్నిక్ మెట్టు ఎక్కినవాడు అదే షెడ్డుకు మరో విధంగా తిరిగి రావచ్చు. ఆ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలోనూ రసాయనశాస్త్రం ప్రశ్నలు ఉంటాయి. రెండు వందల నట్ల లెక్క రెండు నిమిషాల్లో చెప్పగలిగే కుర్రవాడు మోల్ అనే మాట విని బడి మానేయడం నాకు మింగుడు పడలేదు. తండ్రితో మాట్లాడాను. మార్చి పరీక్షల దాకా ఆగుతాను పంతులుగారూ, ఆపైన మీ ఇష్టం కాదు, వాడి ఇష్టం కాదు, మార్కుల ఇష్టం అన్నాడు. న్యాయమైన మాటే. ఆ కుర్రవాడు ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నాడు. ఎవరో చూపించను, సిగ్గుపడతాడు.

పరీక్షలకు ఇక వారాలే ఉన్నాయి. పిల్లలు ఇరవై ముగ్గురయ్యారు, చెప్పేవాళ్లం ఇద్దరమే. రసాయనశాస్త్రం తెలియదని ఎవరూ వెనుకాడవద్దు. పుస్తకం పిల్లల దగ్గర ఉంది. కాలమ్ గీయించడం, తలకట్టు రాయించడం, టాలీ చూడడం మీ చేతుల్లో ఉంది. ట్రెజరీలో, తాలూకా ఆఫీసుల్లో, సహకార బ్యాంకుల్లో పనిచేసినవారికి అది చెప్పవలసిన పని లేదు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. మోకాళ్ల నొప్పులున్నవారికి కుర్చీ ఏర్పాటు ఉంది. టీ కార్యదర్శిగారి ఖాతాలో.

మరొక చిన్న విన్నపం. మన త్రాసుకు ఉన్న రాళ్లలో 200 గ్రాముల రాయి కనిపించడం లేదు. ఎవరి ఇంట్లోనైనా పాతది పడి ఉంటే వచ్చేటప్పుడు పట్టుకు రండి.

సెలవు. నమస్కారం.